వలయంలో ఒక చోటు

స్కాట్లండు ఊళ్ళలోని పైపు, డ్రమ్ము మేళాలు ఏమీ తెలియనివారిని కూడా చేర్చుకుంటాయి. అయితే మొదటి ఏడాది వారి చేతికి బ్యాగ్‌పైపు మాత్రం ఇవ్వవు.

స్కాట్లండులోని చిన్న పట్టణాలలో వారానికి ఒకటి రెండు సాయంకాలాలు పాఠశాల గదిలోంచో, చర్చి పక్కనున్న సమావేశ మందిరంలోంచో బ్యాగ్‌పైపుల ఘోష వీధిలోకి వినవస్తుంది. లోపల పదిహేను ఇరవైమంది వలయాకారంగా నిలబడి వాయిస్తూ ఉంటారు. ఆ మందిరానికి పక్కగా తలుపు మూసిన చిన్న గది ఒకటి ఉంటుంది. అక్కడ బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. పదేళ్ళ బాలిక పక్కనే ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషి, ఆయన పక్కన అంతవరకు ఏ వాద్యాన్నీ ముట్టి ఎరుగని గృహిణి. అందరి చేతుల్లోను మూరెడు పొడవు నల్లని గొట్టాలు. వాటిలోంచి వెలువడేది తుమ్మెద రొద వంటి సన్నని ధ్వని.

వీరు ఆ మేళంలో కొత్తగా చేరినవారు. చిన్న గదికీ పెద్ద మందిరానికీ మధ్య ఉన్నది ఒక్క తలుపే. కాని దానిని దాటడానికి సాధారణంగా ఒక సంవత్సరం, కొందరికి రెండు సంవత్సరాలు పడుతుంది. దాటకుండానే ఇంటిముఖం పట్టేవారూ ఉంటారు. మేళంలోని పెద్దలు ఒక్కొక్కరే వయసు మీరి తప్పుకుంటున్నప్పుడు, వారి స్థానంలో నిలబడేవారు ఈ గదిలోంచే రావాలి. కాబట్టి మేళం నిలిచేదీ ఆరిపోయేదీ ఇక్కడే నిర్ణయమవుతుంది.

పటాలం నుంచి పల్లెకు

బ్యాగ్‌పైపు శతాబ్దాల నాటి వాద్యమే గాని, పైపులూ డ్రమ్ములూ కలిసిన మేళం అంత ప్రాచీనమైనది కాదు. హైలాండ్ కొండసీమలోని పూర్వ విద్వాంసులు ఒంటరిగా వాయించేవారు. 19వ శతాబ్ది మధ్యభాగంలో బ్రిటిష్ సైన్యంలోని హైలాండ్ పటాలాలు కవాతు కోసం పైపులనూ డ్రమ్ములనూ ఒకచోట చేర్చాయి. సైన్యం నుంచి ఆ పద్ధతి పోలీసులకూ, గని కార్మికులకూ, ఊరి జనానికీ పాకింది. గ్లాస్గో పక్కనున్న గోవన్‌లో పోలీసు మేళం 1883లో ఏర్పడింది. బొగ్గు గనుల సీమలోని షాట్స్ పట్టణంలో 1910లో పుట్టిన షాట్స్ అండ్ డైక్‌హెడ్ మేళం ఆ తరవాత పలుమార్లు ప్రపంచ విజేత అయింది. ఈ మేళాలన్నిటికీ ఒక సంఘం 1930లో ఏర్పడింది. 1980లో ‘రాయల్’ అన్న గౌరవ పదం దాని పేరులో చేరింది.

సైనికుల కళగా మొదలైనది కాబట్టి చాలాకాలం ఇది మగవారి సొత్తుగానే ఉండిపోయింది. ఆ కట్టును తెంచినవారిలో ముందు చెప్పుకోదగినవారు స్కాట్లండువారు కారు. లండన్ తూర్పు శివారులోని డాగెన్‌హామ్‌లో ఒక మతాచార్యుడు 1930లో తన ఆదివారపు పాఠశాల నుంచి 12 మంది బాలికలను ఎంపిక చేసి బ్యాగ్‌పైపు నేర్పించాడు. ఆ బాలికలలో ఎవరికీ ఆ విద్యతో పరిచయం లేదు. ప్రజల ముందుకు వారు వచ్చింది 1932లో. అంతవరకు సాధన అంతా నాలుగు గోడల మధ్యనే జరిగింది. డాగెన్‌హామ్ గర్ల్ పైపర్స్ అన్న పేరుతో ఆ మేళం తరవాత దేశదేశాలు తిరిగింది.

నల్లని గొట్టం

బ్యాగ్‌పైపు నేర్చుకుందామని వచ్చినవారికి మొదటి ఆశాభంగం బ్యాగ్‌పైపు ఇవ్వకపోవడమే. వారికి ఇచ్చేది అభ్యాస ఛాంటరు. ఛాంటరు అంటే బ్యాగ్‌పైపులో వేళ్ళ కింద ఉండి స్వరాలు పలికే గొట్టం. తిత్తి లేకుండా నేరుగా నోటితో ఊదేటట్లు, మంద్రస్థాయిలో మెల్లగా పలికేటట్లు చేసిన దాని నమూనాయే ఈ సాధన పరికరం. ఇది వంద పౌండ్లలోపు దొరుకుతుంది. మంచి బ్యాగ్‌పైపు కొత్తది కొనాలంటే వెయ్యి పౌండ్లు దాటుతుంది. అయితే ఈ కట్టుబాటుకు ఖర్చు ఒక్కటే కారణం కాదు. పెద్ద వాద్యంలో గాలిని అదుపు చేయడానికే మనసంతా పెట్టవలసి ఉంటుంది. అంతకు ముందే వేళ్ళు తమంతట తాము నడవడం నేర్చుకుని ఉండాలి.

ఎడమచేయి పైన, కుడిచేయి కింద. పిల్లనగ్రోవి పట్టినట్లు వేళ్ళను వంచి కొనలతో రంధ్రాలు మూయరాదు. వేళ్ళను చాచి, ముఖ్యంగా కుడిచేతి వేళ్ళ నడిమి కణుపుల మెత్తని భాగంతో మూయాలి. మొదటి వారాలలో ఏదో ఒక రంధ్రం కొద్దిగా తెరుచుకునే ఉంటుంది. కోరిన స్వరానికి బదులు కీచుమన్న శబ్దం వస్తుంది.

పలికేవి తొమ్మిది స్వరాలే. ఆధార షడ్జం నుంచి పై షడ్జం వరకు ఎనిమిది, షడ్జానికి దిగువన ఒక నిషాదం. సంగీతజ్ఞానం కలిగిన తెలుగు శ్రోత ఆ క్రమాన్ని శ్రద్ధగా వింటే ఆశ్చర్యపోతాడు. చతుశ్శ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్శ్రుతి ధైవతం, కైశికి నిషాదం - అది ఇంచుమించు మన హరికాంభోజి స్వరక్రమమే. దాని వెనుక ఎడతెగకుండా మూడు గొట్టాలు షడ్జాన్ని పట్టి ఉంటాయి: రెండు మంద్ర స్థాయిలో, ఒకటి అనుమంద్రంలో. నాదస్వరం వెనుక శ్రుతి పట్టినట్లే అన్నమాట.

మౌనం లేని వాద్యం

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. వేణువు ఊదేవాడు నాలుకతో స్వరాలను విడదీయగలడు. ఊపిరి ఆపి మౌనం పాటించగలడు. బ్యాగ్‌పైపులో ఈ రెండూ కుదరవు. తిత్తిలోని గాలి ఆగకుండా పోతూనే ఉంటుంది. బిగ్గరగా వాయించడం, మెల్లగా వాయించడం అన్న భేదం కూడా లేదు. మరి ఒకే స్వరాన్ని వెంటవెంట రెండుసార్లు ఎలా పలికించాలి? మధ్యలో ఇంకొక స్వరాన్ని రెప్పపాటులో తాకి రావాలి. ఆ తాకిడి స్వరం స్వరంగా వినిపించకూడదు. రెండు అక్షరాల మధ్య హల్లు వలె మాత్రమే వినిపించాలి. డబ్లింగ్, గ్రిప్, బర్ల్ అంటూ ఇటువంటి కూర్పులకు పేర్లు ఉన్నాయి. బర్ల్ అన్నది చిటికెన వేలు ఒక్కటే చేసే విన్యాసం. అన్నిటిలో బలహీనమైన ఆ వేలికి అది పట్టుబడేసరికి నెలలు గడుస్తాయి.

అందుచేత గురువు మొదట పాట నేర్పడు. ఒక్కొక్క కూర్పును అతి నెమ్మదిగా వందలసార్లు చేయిస్తాడు. వేగం తెచ్చుకోవాలన్న ఆత్రం కొత్తవారికి పెద్ద శత్రువు. తప్పుగా వందసార్లు తిరిగిన వేలిని సరిదిద్దడం, ఎన్నడూ తిరగని వేలికి నేర్పడం కంటె కష్టం. పూర్వకాలపు హైలాండ్ గురువులు కాగితం అవసరం లేకుండా, ప్రతి స్వరానికీ ప్రతి కూర్పుకూ ఒక్కొక్క అక్షరాన్ని నియమించి, పాడి పాఠం చెప్పేవారు. మృదంగ గురువు నోటితో జతులు చెప్పినట్లే అది. నేడు అచ్చు పుస్తకాలు ఉన్నాయి. గ్లాస్గోలో 1944లో స్థాపించిన కాలేజ్ ఆఫ్ పైపింగ్ ప్రచురించిన పాఠ్యపుస్తకం తరతరాల అభ్యాసకులకు తొలి వాచకం అయింది. ఆ సంస్థ 2018లో నేషనల్ పైపింగ్ సెంటర్‌లో విలీనమైంది. అయినప్పటికీ మంచి గురువు ఈనాటికీ పాటను ముందు నోటితోనే పలికి వినిపిస్తాడు.

హైలాండ్‌లో ఒక నానుడి ఉన్నది: పైపరు తయారు కావడానికి ఏడేళ్ళు పడుతుందని. ఊరి మేళాలు అంత కాలం అడగవు. రోజుకు అరగంట చొప్పున ఏడాదిపాటు తప్పకుండా సాధన చేసినవాడికి నాలుగైదు నడక పాటలు చేతికి వస్తాయి. వారానికి ఒక రోజు మూడు గంటలు కూర్చునేవాడికి మాత్రం రావు. చిన్న గదిలో నిలిచేవారికీ మానుకునేవారికీ ఉన్న వ్యత్యాసం చాలావరకు ప్రతిభలో కాక ఈ అరగంటలోనే ఉన్నది.

తిత్తి చంకకెక్కిన నాడు

వేళ్ళు కుదుటపడ్డాయని గురువుకు తోచిన నాడు తిత్తి చేతికి వస్తుంది. చాలాచోట్ల దానిని కూడా ఒక్కసారిగా అప్పగించరు. మొదట శ్రుతి గొట్టాలు లేని తిత్తికి ఛాంటరును మాత్రం బిగించి ఇస్తారు. తరవాత బ్యాగ్‌పైపు ఇచ్చినా, మూడు శ్రుతి గొట్టాలలో రెంటికి బిరడాలు బిగించి ఒక్కటే తెరిచి ఉంచుతారు. దానిని నిలకడగా పలికించగలిగినప్పుడు రెండవది, ఆపైన మూడవది తెరుస్తారు.

చేయవలసిన పని చెప్పడానికి తేలిక. నోటితో ఊదుతున్నంతసేపు మోచేతిని సడలించాలి. ఊపిరి తీసుకునే క్షణంలో మోచేతితో తిత్తిని నొక్కాలి. పీకకు అందే గాలి ఒత్తిడి మాత్రం ఈ రెండు వేళలలోనూ రవ్వంతైనా మారకూడదు. కమ్మరి కొలిమి తిత్తి ఊపు ఊపుకీ బుస కొడుతుంది. ఈ తిత్తిలో ఆ బుస వినిపించరాదు. ఒత్తిడి తగ్గితే స్వరం జారుతుంది, పెరిగితే కీచుమంటుంది. తొలిరోజులలో కళ్ళు తిరుగుతాయి. పెదవులు అలసి మూలల నుంచి గాలి కారిపోతుంది. అంతవరకు చక్కగా వచ్చిన పాట ఒక్కసారిగా మరచిపోయినట్లవుతుంది. ఈ దశలో మానుకునేవారు చాలామంది. దీనిని ముందుగానే ఎరిగిన పెద్దలు కొత్తవాడికి చెప్పే ఓదార్పు ఒక్కటే: తమకూ అలాగే జరిగిందని.

ఆరోగ్య విషయంలోనూ జాగ్రత్తలు ఉన్నాయి. దీని ధ్వని వంద డెసిబెళ్ళను మించుతుంది కాబట్టి సాధన గదిలో చెవులకు రక్షణ అవసరం. ఊపిరిలోని తేమ తిత్తిలో నిలిచి బూజు పట్టవచ్చు. బ్యాగ్‌పైపును నిత్యం వాయించే ఒక 61 ఏళ్ళ వ్యక్తి ఊపిరితిత్తుల వ్యాధితో 2014లో మరణించగా, ఆయన వాద్యం లోపల పలురకాల బూజు కనిపించిందని ‘థొరాక్స్’ అనే వైద్య పత్రిక 2016లో వెల్లడించింది. వాయించిన ప్రతిసారీ గొట్టాలను తుడిచి ఆరబెట్టడం నేడు తొలి పాఠాలలో ఒకటి.

గీతకు పైన, గీతకు కింద

మేళంలో చేరేవారందరూ పైపులకే రారు. డ్రమ్ముల వైపు వచ్చేవారికీ మొదటి రోజు డ్రమ్ము దొరకదు. బల్లమీద పెట్టుకునే రబ్బరు పలక, రెండు కర్రలు - వారి ఆస్తి అంతే. కుడిచేతి దెబ్బ, ఎడమచేతి దెబ్బ ఒకే ఎత్తు నుంచి, ఒకే బరువుతో పడేవరకు ఆ పలకే వారి లోకం. వారి స్వరలిపిలో ఉన్నది ఒకే గీత. కుడిచేతి దెబ్బలు గీతకు పైన, ఎడమచేతివి గీతకు కింద రాస్తారు. ఈ విద్యను ఉన్నతస్థాయికి తెచ్చినవారిలో అగ్రగణ్యుడు షాట్స్ మేళపు డ్రమ్ముల నాయకుడు అలెక్స్ డూథార్ట్. 1986లో మరణించిన ఆయన కూర్పులను నేటికీ సాధన చేస్తున్నారు. చురుకుగా చిటపటలాడే స్నేర్ డ్రమ్ములు, కర్రలను గాలిలో తిప్పుతూ వాయించే టెనర్ డ్రమ్ములు, అందరి అడుగునూ నిలిపే బేస్ డ్రమ్ము - ఈ మూటికీ వేరువేరు శిక్షణ ఉంటుంది.

వేరుగా వినిపించకపోవడం

ఇక తలుపు తెరుచుకుంటుంది. కొత్తవాడిని వలయంలో నిలబెడతారు. ఇక్కడ అతడు నేర్చుకోవలసిన పాఠం అంతవరకు నేర్చినవాటికి భిన్నమైనది.

తక్కిన సంగీత రంగాలలో పేరు తెచ్చుకోవడమంటే పదిమందిలో ప్రత్యేకంగా వినిపించడం. పైపుల మేళంలో ప్రత్యేకంగా వినిపించడమే దోషం. పదిహేను ఛాంటర్లు ఒక్క ఛాంటరుగా, నలభైఅయిదు శ్రుతి గొట్టాలు ఒక్క శ్రుతిగా పలకాలి. అందుకే మేళం అంతా ఒకే తయారీ ఛాంటర్లను వాడుతుంది. మేళ నాయకుడైన పైప్ మేజరు ఒక్కొక్కరి ముందు నిలబడి విని, రంధ్రాల అంచులకు అంటించిన సన్నని టేపును వెంట్రుకవాసి జరిపి స్వరాలు సరిచేస్తాడు. పీకలు వేడికీ తేమకూ మారిపోతాయి కాబట్టి, కొంతసేపు వాయించి వాద్యాలు వెచ్చబడిన తరవాతనే ఈ పని సాగుతుంది. అంత చేసినా, ఒక్కడి మోచేయి వణికితే ఆ శ్రమ అంతా వృథా.

ఆరంభమే అగ్నిపరీక్ష. నాయకుని ఆజ్ఞ వినగానే డ్రమ్ములు మూడు అడుగుల పాటు రెండు మారులు మోగుతాయి. ఆ వ్యవధిలోనే అందరూ తిత్తిని ఒకేసారి తట్టి శ్రుతిని లేపాలి, ఒకేసారి పంచమాన్ని పట్టాలి, ఒకేసారి పాట అందుకోవాలి. ముందుగా పలికిన గొట్టమూ, ఆఖరున ఆలస్యంగా ఆగిన గొట్టమూ అందరికీ వినిపిస్తాయి. పోటీలలో తీర్పు చెప్పేవారు నలుగురు: ఇద్దరు పైపులను, ఒకరు డ్రమ్ములను, ఒకరు మొత్తం మేళపు కలయికను పరిశీలిస్తారు. ఏటా ఆగస్టులో గ్లాస్గో గ్రీన్ మైదానంలో జరిగే ప్రపంచ పోటీలకు అన్ని తరగతుల మేళాలూ వస్తాయి. అట్టడుగు తరగతిలో తేలికైన నడక పాటలు మాత్రమే వాయించే మేళాలకూ అక్కడ చోటు ఉన్నది.

ఆరువందల గడపలు లేని ఊరు

ఈ విద్య పెద్ద నగరాలదనీ, వంశపారంపర్యమైనదనీ భావించేవారికి ఇన్వరరే కథ సమాధానం. పడమటి స్కాట్లండులో ఫైన్ అఖాతపు ఒడ్డున ఉన్న ఆ ఊరి జనాభా వెయ్యికి లోపు. అక్కడ ప్రసిద్ధ పైపరు స్టూవర్ట్ లిడెల్ 2003లో ఊరి పిల్లలను చేరదీసి ఒక మేళం ప్రారంభించాడు. పిల్లలు మొదట అనుభవం లేనివారి తరగతిలో పోటీ చేశారు. ఒక్కొక్క మెట్టే ఎక్కి, 2009 ముగిసేసరికి ఆ మేళం అత్యున్నత తరగతికి అర్హత సంపాదించింది. 2017లో ప్రపంచ విజేత అయింది. 2019లో మరల గెలిచింది. ఇతర ప్రాంతాల వాద్యకారులు కూడా తరవాత వచ్చి చేరారు. అయినా పునాది వేసింది పాఠశాల పిల్లలకు నేర్పిన తొలి పాఠాలే. నేటికీ ఆ మేళం కింద పిల్లల మేళాలు సాధన చేస్తూనే ఉన్నాయి.

అన్ని మేళాలూ ప్రపంచ విజేతలు కాలేవు. కావాలని అన్నీ కోరుకోవు కూడా. ఎక్కువ మేళాలకు ఊరి పండుగ ఊరేగింపు, యుద్ధమృతుల స్మారక దినం, ఒక పెళ్ళి, ఒక అంత్యక్రియ - ఇవే కచేరీలు. చాలా మేళాలు కొత్తవారికి ఉచితంగానే నేర్పుతాయి. దుస్తులు మేళానివి; వాద్యాన్ని కూడా చాలాచోట్ల ఎరువిస్తారు. నేర్పేవారు జీతం పుచ్చుకునే ఉపాధ్యాయులు కారు. నిన్న అదే బల్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నవారు. నేర్చుకున్నవాడు తీర్చవలసిన ఋణం మరొకరికి నేర్పడమే.

ఈ గడ్డమీద

పటాలాల వెంట ఈ వాద్యం భారత ఉపఖండానికి వచ్చి ఇక్కడిదే అయిపోయింది. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ బ్యాగ్‌పైపుల తయారీకి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. గఢ్వాల్, కుమావూఁ కొండలలో అది ‘మశక్‌బీన్’ అన్న పేరుతో ఢోల్, దమావూఁల సరసన పెళ్ళి ఊరేగింపులలో మోగుతుంది. ఏటా జనవరి 29న ఢిల్లీలో జరిగే బీటింగ్ రిట్రీట్‌లో మన సైనిక పైపు మేళాలు దేశమంతటికీ వినిపిస్తాయి. జాతీయ పాఠశాలల బ్యాండు పోటీలలో పైపు మేళాలకు బాలురకూ బాలికలకూ వేరువేరు విభాగాలు ఉన్నాయి. వారిలో అనేకులు ఆ వాద్యాన్ని మొదటిసారి చూసేది తమ బడిలోనే.

తెలుగువారికి తిత్తి కొత్తది కాదు. మేక తోలుతో కుట్టిన ‘తిత్తి’ అనే శ్రుతి వాద్యం మన జానపద ప్రదర్శనలలో పాటకు ఆధారంగా నిలిచింది. నేడు అది ఎక్కడో తప్ప వినిపించదు. దాని స్థానాన్ని శ్రుతి పెట్టె ఆక్రమించింది. మీట నొక్కితే పలికే పెట్టెకు శిష్యుడు అక్కరలేదు. తిత్తికి కావాలి.

స్కాట్లండు ఊళ్ళలో ఆ వాద్యం బతికి ఉండడానికి కారణం అది గొప్ప వాద్యం కావడం ఒక్కటే కాదు. ఏమీ రాని మనిషి వచ్చి తలుపు తట్టినప్పుడు, ఎవరో ఒకరు తన సాయంకాలాన్ని వదులుకుని, ఆ మనిషి పక్కన కూర్చుని, ఒక్కొక్క వేలినీ సరిగా ఆనించి చూపుతున్నారు. ఏడాది గడిచిన తరవాత వలయంలోనివారు తలా ఒక అడుగు పక్కకు జరుగుతారు. ఇంకొకరు నిలబడడానికి అంత చోటు చాలు.